అన్నీ సగ్గుబియ్యమే

ఆ వేసవిలో సూరత్‌లో మా గోడాదరా పేట తెలుగువాళ్ళు మూడు పూటలా సగ్గుబియ్యమే తిన్నారని కంప్యూటర్ చెప్పింది. కారం మానేశారు, చింతపండు మానేశారు, పసుపు ముట్టుకోలేదు. చెప్పింది కంప్యూటర్ కాబట్టి సురేశ్ నమ్మాడు. అదే మాట వాళ్ళమ్మ చెప్పి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు.

సురేశ్ మా అపార్ట్‌మెంటు వెనక సందులో కిరాణా కొట్టు నడిపే బుచ్చవ్వ కొడుకు. కొట్టు తనదేనని అతను అనుకుంటాడు. బోర్డు మీద గుజరాతీలో అతని పేరే ఉంది కూడా. కాని జగిత్యాల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చి సాంచాలనే మరమగ్గాల మీదా, పాండేసర రంగుల మిల్లుల్లోనూ పనిచేసే జనం ఆ బోర్డు వైపు చూడరు. వాళ్ళకది బుచ్చవ్వ దుకాణం. ఊరి కారం, ఊరి చింతపండు, సర్వపిండికి బియ్యప్పిండి, వాటితోపాటు ఊరి సంగతులూ దొరికే చోటు.

నాకు మాత్రం పగలు తెలుగు వినిపించే ఏకైక స్థలం.

మా వారు మల్లికార్జునరావు బ్యాంకు ఆఫీసరు. రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చి అది రెండో ఏడు. మనిషి మంచివారే. కాకపోతే ఆయన మాటలన్నీ బ్యాంకులోనే ఖర్చయిపోతాయి, ఇంటికి చిల్లర కూడా మిగలదు. మా ఇందుజ పూణేలో హాస్టల్లో ఉంటుంది. ఫోన్ చేస్తే "అమ్మా, మళ్ళీ చేస్తా" అంటుంది. దానికి చేసే ఉద్దేశం ఉన్నట్టే అనిపిస్తుంది గొంతు వింటే. ఎదురింటి పటేల్‌గారి భార్యా నేనూ కనబడినప్పుడల్లా "కేమ్ ఛో" అంటే "మజా మా" అనుకుంటాం. అక్కడితో నా గుజరాతీ, ఆవిడ ఓపిక రెండూ ఒకేసారి అయిపోతాయి.

అందుకని రోజుకో వస్తువు మరిచిపోవడం నేర్చుకున్నాను. నెలకి సరిపడా ఒకేసారి కొంటే ఒకేసారి వెళ్ళాలి. సోమవారం జీలకర్ర అయిపోతుంది మా ఇంట్లో. మంగళవారం ఆవాలు. బుధవారం అయిపోయేదేమీ లేకపోతే అగ్గిపెట్టె తడిసిపోతుంది. ఇంత మతిమరుపు ఉన్న మనిషి బియస్సీ ఎలా పాసయిందా అని బుచ్చవ్వ అనుకునే ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు. "ఏం మేడమ్, ఇయ్యాల ఏమొడిసింది?" అనేది, అంతే.

హోళీ రంగులు ఇంకా రోడ్డు మీద ఉండగానే సురేశ్ ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులోంచి ఒక కంప్యూటరు, జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌లాంటి స్కానరు, లేబుళ్ళు అచ్చువేసే బుల్లి ప్రింటరు తీసి గల్లా బల్ల మీద పేర్చాడు. ఆ పూట మా ఇంట్లో ఇంగువ అయిపోయింది కాబట్టి నేను అక్కడే ఉన్నాను.

"ఏందిరా ఇది?" అంది బుచ్చవ్వ.

"బార్‌కోడ్ అమ్మా. పొట్లం మీద గీతలుంటయి. గీతల మీద దీన్ని వెట్టి నొక్కుతె టీక్ అంటది. ధర అదే వడ్తది, బిల్లు అదే అస్తది. ఎంత మాల్ వొయ్యింది, ఎంత మిగిలింది, అంత అండ్లనే ఉంటది."

"ఎంత మిగిలిందో నాకు తెల్వదా?"

"నీకు తెల్సు. నాకు తెల్వాలె గద."

బుచ్చవ్వ స్కానరు చేతిలోకి తీసుకుని బరువు చూసింది. తర్వాత దాన్ని కొడుకు నుదుటి మీద పెట్టి నొక్కింది. ఏ చప్పుడూ రాలేదు.

"నీకు ధర లేదంటున్నది కొడుక," అంది.

సురేశ్ నవ్వలేదు. "మజాక్ గాదు. అందరు గిదే వెడ్తున్రు. నీకస్తే మంచిదే. రాకుంటే గల్ల మీద జమున కూసుంటది, నువ్వు ఊరికి వోయి ఇల్లు జూస్కో. తాళమేసి ఎన్నేండ్లాయె."

జమున అతని భార్య. లోపల మూటలు విప్పుతున్నదల్లా ఒకసారి తలెత్తి గల్లా వైపు చూసి, మళ్ళీ మూటలో పడింది.

"ఊళ్ళె ఎవ్వలున్నరురా?" అంది బుచ్చవ్వ. ఇందాకటి గొంతు కాదు. "ఆడికి వోయి గోడలతోని మాట్లాడాల్నా?"

గోడలతో మాట్లాడే విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. అందులో ఇబ్బంది ఏమిటంటే గోడలు విసుక్కోవు. ఎక్కడ ఆపాలో మనమే తెలుసుకోవాలి.

సబ్బులకీ బిస్కట్లకీ కంపెనీవాళ్ళే గీతలు అచ్చువేసి పంపుతారు. ఇబ్బంది అంతా సొంత పొట్లాలతోనే. ఒక్కొక్క సరుకూ కంప్యూటర్లో పేరు పెట్టి ఎక్కించాలి, గీతలు అచ్చువెయ్యాలి, అంటించాలి. "ఎవ్వల్నన్న పిలగాండ్లను జూడాలె టైపింగ్‌కు" అన్నాడు సురేశ్.

"నేను చేస్తాను," అన్నాను. నా గొంతు నాకే కాస్త ఎక్కువగా వినిపించింది.

"మీరా మేడమ్? సార్ ఏమన్నంటడేమో."

"సార్ ఏమీ అనరు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆయన "ఊఁ"లో ఏ విషయమైనా పడుతుంది.

మర్నాటి నుంచి వంట త్వరగా ముగించి వెళ్ళేదాన్ని. గల్లా పక్కనే నాకో ప్లాస్టిక్ స్టూలు వేశారు. దేన్నీ మరిచిపోకుండానే ఆ కొట్టుకి వెళ్ళడం అదే మొదలు.

బుచ్చవ్వ దగ్గరికి వచ్చేవాళ్ళు కిలోల్లో అడగరు. "యాభైది కారం ఇయ్యి", "యాభైది చింతపండు ఇయ్యి" అంటారు. ధర పెరిగితే పొట్లం చిక్కిపోతుంది, యాభై మాత్రం యాభైయే. అందుకని సురేశ్ అన్నిటినీ యాభై రూపాయల పొట్లాలు కట్టించాడు. ఎండు మిరపకారం, పసుపు, ధనియాలు, బెల్లం, చింతపండు, బొబ్బర్లు, సగ్గుబియ్యం, అన్నీ యాభై. నేను ఒక్కొక్కదానికి వేరే నంబరు, వేరే పేరు పెట్టాను.

పేరు పెట్టడానికి కంప్యూటరు చాలా జాగా ఇస్తుంది. ఉన్న జాగాని ఊరికే వదిలెయ్యడం నాకు చేతకాలేదు. కారాలు రెండు రకాలుంటే "కారం - ఏడిపించేది", "కారం - ఊరుకునేది" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. నల్లబెల్లానికి "బెల్లం - చూడ్డానికి అంతే" అని పెట్టాను. సురేశ్ మొదటి నాలుగు పేర్లూ సరిచూసి, చదువుకున్న మనిషి కదా అని మిగతావి వదిలేశాడు.

మొదట పట్టుకున్నది రాజమల్లు. సాంచాల మీద పనిచేసే మనిషి, నాలుగు ఊళ్ళకి వినిపించేలా మాట్లాడతాడు. బిల్లు చేతిలో పెట్టుకుని వెలుతురులోకి వెళ్ళి చదివాడు.

"బుచ్చవ్వా, ఇది ఎవ్వలు రాసిన్రు? 'చూడ్డానికి అంతే' అని ఉన్నది. నన్ను జూసి రాసిన్రా?"

"నీకింక గీతలెయ్యలే రా," అంది బుచ్చవ్వ. "ఏసినా ఎవ్వలు గొంటరు?"

"ఏస్తె జర ఎక్కువ ధర వెట్టున్రి మేడమ్. మా ఇంటిదానికి సూపెట్టాలె."

"తగ్గింపు ధరలో ఉంచుదామండి," అన్నాను. "లేకపోతే స్టాకు మిగిలిపోతుంది."

కొట్టంతా నవ్వింది. నేనన్న మాటకి పదిమంది ఒకేసారి నవ్వడం నేను కాలేజీ వదిలాక అదే మొదలు. ఇంటికి వెళ్ళి బెండకాయలు తరుగుతూ ఆ మాట ఇంకోసారి అనుకుని చూశాను. ఇంట్లో అంత బాగా లేదు.

మే నెల వచ్చేసరికి సందు ఖాళీ అవడం మొదలైంది. ఊళ్ళో పెళ్ళిళ్ళు. సగం జనం రైళ్ళెక్కారు. జమున తమ్ముడి పెళ్ళికని సురేశ్ కూడా భార్యని తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు ఫోన్ చూపించాడు. "ఈడ టీక్ అంటే ఆడ నా ఫోన్ల వడ్తది మేడమ్. ఏం మాల్ ఒడుస్తదో చూస్కుంట ఆడికెంచే ఆర్డర్ వెడ్త. మీరు లేబుల్స్ సంగతి చూడున్రి. అమ్మ బిల్లులు కొడ్తది." తర్వాత తల్లి వైపు తిరిగి, "నేనచ్చేదాక సరిగ్గ నడిపితే నీదే గల్ల," అన్నాడు.

ఆ రోజులు నాకు బాగా గుర్తున్నాయి. రోడ్డు మీద ఎండ తెల్లగా ఉడుకుతుండేది. కొట్టు వెనక భాగంలో కింద కూర్చుని, గల్లా వైపు వీపు పెట్టి నేను పొట్లాలకి లేబుళ్ళు అంటించేదాన్ని. ముందు బుచ్చవ్వ. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకునేవాళ్ళం. అలా మాట్లాడితే చాలా చెప్పవచ్చు. పోయిన భర్త బుచ్చిరాములు గురించి చెప్పేది. సాంచాల చప్పుళ్ళ మధ్య పనిచేసి చేసి ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడట. "తిడ్తున్నడో, అన్నం వెట్టమంటున్నడో తెల్వకపొయ్యేది. పొయినంక ఇల్లు సప్పుడు లేకుంటయింది. గదే నాకు తిట్టినట్టున్నది" అంది.

గల్లా సర్దుతూ, "నువ్వు సార్‌తోని ఏం మాట్లాడ్తవ్ మేడమ్?" అని అడిగింది.

ఆలోచించాను. "కరెంటు బిల్లు గురించి."

"గంతేనా?"

"నీళ్ళ ట్యాంకరు గురించి కూడా."

"మంచిదే," అంది. "మా ఆయినకు గా ముచ్చట గూడ రాకపొయ్యేది."

మధ్యమధ్యలో ఎవరో వచ్చేవారు. గల్లా దగ్గర టీక్ టీక్ టీక్‌మని వినిపించేది. ఆ చప్పుడు వింటే నాకు సంతోషంగా ఉండేది. పొట్లాల మీద నేను అంటించిన గీతలు ఒక్కొక్కటీ నోరు తెరిచి పలుకుతున్నాయనుకున్నాను. వెనక్కి తిరిగి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

ఇంతలో పిలవకుండా ఒక టెంపో వచ్చి కొట్టు ముందాగింది. డ్రైవరు బస్తాలు దించడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు అయితే ఎవరికైనా అర్థమవుతుంది. దించుతూనే ఉన్నాడు. మెట్ల మీద పట్టక ఒకదానిమీదొకటి పేర్చాడు. బుచ్చవ్వ ఒక బస్తా మూతి లాగి లోపల చెయ్యి పెట్టి తీసింది. అరచేతిలో తెల్లగా, గుండ్రంగా సగ్గుబియ్యం.

"సాబుదాన," అంది. "ఎవ్వనికిర ఇదంత?"

డ్రైవరు చీటీ చూపించాడు. మా కొట్టు పేరే. తిరిగి తీసుకెళ్ళమంటే, "మాల్ వాపస్ నహీ హోతా మాసీ" అని టెంపో తోలుకుపోయాడు.

నేను సురేశ్‌కి ఫోన్ చేశాను. అవతల బాజాలు.

"ముట్టిందా మేడమ్?" అన్నాడు ఉత్సాహంగా. "సాబుదాన అయితే ఆగుతలేదు గద. మిగతది ఏం అమ్ముడువోతలేదు. అవతల గుజరాతోళ్ళకు ఉపాసాలు మొదలైతయి, ఉపాసంల గిదే తింటరు, గందుకే గొంటున్రు గావచ్చు. ఎక్కువనే చెప్పిన."

ఫోన్ పెట్టేసి బుచ్చవ్వని అడిగాను. "అవ్వా, మన దగ్గర సగ్గుబియ్యం ఎవరు కొంటున్నారు?"

"ఎవ్వలు గొంటలేరు. మనోళ్ళు జరమొస్తె తింటరు, అంతే."

"మరి ఈ బిల్లులన్నీ?"

అప్పుడే లస్మయ్య అనే ముసలాయన కారమూ పసుపూ కావాలని వచ్చాడు. ఈసారి నేను వెనక్కి తిరిగి కూర్చోలేదు. బుచ్చవ్వ కారం పొట్లం తీసి స్కానరు పెట్టి నొక్కింది. పలకలేదు. మళ్ళీ నొక్కింది. లేబులు చూశాను. ఆ ఎండకి, రేకు కప్పు వేడికి కాగితం నల్లబడిపోయి, గీతలకీ నలుపుకీ తేడా లేకుండా పోయింది. ఆమె తొట్రుపడలేదు. ఆ పొట్లం పక్కన పెట్టి, ఫ్యాను కింద చల్లగా ఉంచుకున్న ఒక సగ్గుబియ్యం పొట్లాన్ని దగ్గరికి లాక్కుంది. దాని మీద టీక్. పసుపు కోసం మళ్ళీ దాని మీదే టీక్. లస్మయ్యకి కారమూ పసుపూ ఇచ్చి పంపింది.

"గిది మంచిది," అంది నాతో, ఆ పొట్లాన్ని తడుతూ. "ఎన్నడు మొరాయించది."

"అవ్వా, ఏది అమ్మితే దాన్నే కొట్టాలి."

"అన్ని యాభైయే గద."

"ధర ఒకటే. సరుకు వేరు కదా."

"ఏం సరుకో కొన్నోనికి తెల్సు, ఇచ్చిన నాకు తెల్సు. దీనికెందుకు? దీనికి పైసలు జెప్తె సాలదా?"

నాకున్న బియస్సీతో వివరించాను. సురేశ్ ఫోన్లో ఏం కనిపిస్తుందో, ఈ బస్తాలు ఎందుకొచ్చాయో చెప్పాను. వింటూ వింటూ ఆమె మెల్లగా గల్లా మీంచి చెయ్యి తీసేసింది. అది తన సామాను కాదన్నట్టు.

"నేనే జేసిన్నా ఇదంత?"

"తెలియక జరిగింది."

"తెల్వదనే గద వాడు పంపుతనన్నది," అంది. కొట్టు మూసేముందు అడిగింది, "ఊళ్ళె ఇప్పుడు టీవీ అస్తదంటవా మేడమ్, ఇంట్లె?"

సురేశ్ పెళ్ళి నుంచి నేరుగా కొట్టుకే వచ్చాడు. చేతికి పెళ్ళిలో కట్టిన పసుపు దారం ఇంకా ఉంది. బస్తాల మధ్యనుంచి పక్కకి తిరిగి లోపలికి రావలసి వచ్చింది అతనికి. అలమర్లో సగ్గుబియ్యం పొట్లాలు వరసగా, వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కారం అలమర ఖాళీ. కాసేపు అవీ ఇవీ చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు.

"సాబుదాన పొట్లాలు అన్ని ఈడనే ఉన్నయి," అన్నాడు. "మరి అమ్మింది ఏంది?"

జమున వెనక నిలబడి బ్యాగు దించకుండా గల్లా బల్ల కేసి చూస్తోంది. దాంట్లో దుర్మార్గమేమీ లేదు. కొత్తింటికి పరదాలు కొలిచేవాళ్ళలా చూస్తోంది, అంతే.

"బిల్లులు కొట్టింది నువ్వే గద అమ్మా?"

బుచ్చవ్వ కొంగు కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఇంత మాటకారి మనిషి, కొడుకు నుదుటికి ధర చూసిన మనిషి, చూపు ఎత్తలేదు.

"ఆవిడ సరిగ్గానే కొట్టారు," అన్నాను. "తప్పు నాది."

సురేశ్ నా వైపు తిరిగాడు.

"లేబుళ్ళు ఎండకి పాడైతే మళ్ళీ అచ్చువేశాను. అప్పుడు పేర్లు మార్చాను కాని నంబర్లు మార్చడం మర్చిపోయాను. అన్ని పొట్లాలకీ ఒకటే నంబరు పడింది. ఆవిడ ఏది కొట్టినా కంప్యూటర్‌కి సగ్గుబియ్యమే. ఇప్పుడు అవి కూడా నల్లబడిపోయాయి."

అలమర్లోంచి ఒక ధనియాల పొట్లం తీసి, స్కానరు పెట్టి చూశాడు. పలకలేదు. ఇంకోటి తీశాడు. లేబుళ్ళన్నీ బొగ్గుల్లా ఉన్నాయి, ఎందులో ఏ నంబరుందో బ్రహ్మక్కూడా తెలీదు. సూరత్ ఎండ నాకు చేసిన ఉపకారం అదొక్కటే.

"మీరా మేడమ్?" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "పర్వలేదు. సదువుకున్నోళ్ళకు గూడ అయితయి తప్పులు."

"అవుతాయి," అన్నాను.

"కంపెనీ మనిషిని పిలుస్త. మొత్తం మల్ల కొత్తగ జేస్తడు. మీరింక ఎండల వడి రాకున్రి మేడమ్. రెస్ట్ దీస్కోన్రి."

నా గొడుగు తీసుకున్నాను. బస్తాల మధ్య నుంచి నేనూ పక్కకి తిరిగే బయటికి వచ్చాను. బుచ్చవ్వ అప్పుడు కూడా తలెత్తలేదు.

కంపెనీ మనిషి వచ్చి నేను పెట్టిన పేర్లన్నీ తుడిచేశాడు. మందపాటి కాగితం, ఎండకి నల్లబడని లేబుళ్ళు తెచ్చాడు. కారం ఇప్పుడు ఎవర్నీ ఏడిపించదు, బిల్లు మీద ఉత్త కారమే. నా స్టూలు ఉన్న చోట ప్రింటరు పెట్టారు. ఆవాలు అయిపోతే వెళ్ళాను, ఈసారి నిజంగానే అయిపోయాయి. వరసలో నిలబడ్డాను. గల్లా మీద బుచ్చవ్వే ఉంది, పక్కన సురేశ్ నిలబడి చూస్తున్నాడు. ఏ పొట్లానికి ఆ పొట్లం పద్ధతిగా టీక్‌మనిపించి సంచీలో వేసింది.

"ఇంకేమన్న గావాల్నా మేడమ్?"

"వద్దవ్వా."

వెనకున్నవాళ్ళు తోసుకుంటున్నారు. జరిగిపోయాను. ఆ తర్వాత నెలకి సరిపడా ఒకేసారి తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

వానలు పడ్డాయి. ఒక సాయంత్రం మా వారు తడిసిన గొడుగుతో పాటు చేతిలో పెద్ద సంచీ పట్టుకుని వచ్చారు.

"సగ్గుబియ్యం," అన్నారు. "ఈ వెనక సందులో చవగ్గా ఇస్తున్నారు. బస్తాలు బస్తాలు పడున్నాయట. ఎవరో చదువుకున్నావిడ కంప్యూటర్లో ఏదో తప్పు కొట్టిందట."

"అలాగా."

"డిగ్రీ కూడా ఉందట. ఏం చదువులో." చెప్పులు విడిచి, టీవీ ముందు కూర్చున్నారు. ఈ మధ్య కాలంలో ఆయన నాతో అంత పెద్ద సంగతి చెప్పలేదు. మధ్యలో అడ్డం రావాలనిపించలేదు నాకు. పాయసం కాచాను. రెండు గిన్నెలు తిన్నారు.

శ్రావణంలో ఉపవాసాలు మొదలవగానే సందులో గుజరాతీ ఇళ్ళవాళ్ళు వచ్చి ఆ బస్తాలన్నీ ఖాళీ చేసేశారు. కంప్యూటరు ముందే చెప్పిందని సురేశ్ అందరితోనూ అన్నాడట. ముందుచూపు కంప్యూటరుది, తప్పు నాది. ఇద్దరికీ ఎవరిది వాళ్ళకి పంచారు.

ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. పాలవాడు కాదు, కొరియరు కాదు. తలుపు తీస్తే బుచ్చవ్వ. ఉతికిన చీర కట్టుకుంది, మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతోంది.

"జమునను కూసోవెట్టి అచ్చిన," అంది.

లోపలికి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టాను. అంచున కూర్చుంది, రైల్లో వేరేవాళ్ళ సీటు మీద కూర్చున్నట్టు. టీ పెట్టాను. బిస్కట్లు పళ్ళెంలో పెట్టాను. ఆమె ఫ్యాను చూసింది, పరదాలు చూసింది.

"ఇల్లు మంచిగున్నది."

"ఆఁ."

"హవ మంచిగొస్తది."

"వస్తుంది."

"సార్ డూటీకి వొయ్యిన్రా?"

"వెళ్ళారు. బిస్కట్లు తీసుకోండి."

"మీరు గూడ తీస్కోన్రి."

వేసవంతా నన్ను నువ్వు అన్న మనిషి, మా ఇంట్లో మీరు అంది. నేను కూడా ఎప్పుడూ లేనిది తీసుకోండి అన్నాను. ఏదైనా అనాలని నాకు చాలా ఉంది. ఆమెకీ ఉందని తెలుస్తోంది. ఇద్దరం పరదాల వైపు చూశాం. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, "ఇగ వోత" అని లేచింది.

గడప దాటి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వెనక్కి తిరిగింది. మెట్ల మీద ఎవరూ లేరని చూసుకుంది.

"ఏం ఫికర్ జెయ్యకు," అంది. "సురేశ్‌గానికి నా మీద అనుమానం రాలే. నేను రానిస్తలేను."

"ఏం చేస్తున్నావు?"

"అచ్చినోళ్ళందరికి జెప్తున్న. గా బ్యాంకు మేడమ్ మనిషి మంచిదే గని, కంప్యూటర్ అంటే జర్ర గూడ తెల్వది, మా దుకాన్ ముంచుతుండెనని. రాజమల్లుకు జెప్పిన, లస్మయ్యకు జెప్పిన. నవాగామ్ దాంక వొయ్యింది ముచ్చట." ఆమె మొహం వెలిగిపోతోంది. "నమ్మనోళ్ళకు రెండుసార్లు జెప్తున్న."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నవ్వొచ్చింది. "అంత కష్టం నీకెందుకవ్వా?" అన్నాను.

"నాకోసం నువ్వు మాట వడ్డవు. నీకోసం నేను గంత గూడ జెయ్యనా?"

లిఫ్టు మీద నమ్మకం లేక మెట్ల మీదే దిగింది. చెప్పుల చప్పుడు కింద దాకా విని, బాల్కనీలోకి వెళ్ళాను. వాన వెలిసి సందంతా బురదగా ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తుంటే రాజమల్లు సైకిలు మీద ఎదురొచ్చి కాలు ఆనించాడు.

"ఎటువొయ్యొస్తున్నవ్ బుచ్చవ్వా?"

"గా మేడమ్ తానికి," అంది, మూడో అంతస్తు దాకా వినిపించేలా. "పాపం, ఒక్కతే ఉంటది. కంప్యూటర్ అయితే ఏమొస్తలేదామెకు."

"ఏమొస్తలేదా?"

"ఇంతంత గూడ."

అని ఒకసారి తలెత్తి, నేనున్నానో లేదో చూసుకుంది. చెయ్యి ఊపాను. ఆమె రాజమల్లు వైపు తిరిగి, గొంతు ఇంకాస్త పెంచి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. స్టవ్ మీద పాలున్నాయి. అయినా కదలకుండా నిలబడి చివరిదాకా విన్నాను.